ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఎక్కడ నేర్చుకోవాలి? ముందు మీ ప్రాసెసర్ ఏదో చూడండి

ప్రశ్న: ఆరేళ్లుగా జావాలో పని చేస్తున్నాను. రెండు నెలల కిందట మా టీమ్‌లో ఒక సీనియర్ ఉద్యోగం మానేశారు. ఆయన చూసుకునే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైళ్లు నలభైకి పైగా నా నెత్తిన పడ్డాయి. మా దగ్గర పుస్తకాలూ మాన్యువల్సూ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఉంటాయి, అలా ట్యాగుల మధ్య రాసిన వాటిని ఈ ఫైళ్లు వెబ్ పేజీలుగా మారుస్తాయి. నెట్‌లో వెతికితే పాఠాలన్నీ పదిహేను ఇరవై ఏళ్ల నాటివి. వీడియో చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, మా ఫైల్ తెరిస్తే ఒక్క ముక్క తలకెక్కదు. ఒక పాఠంలోని కోడ్ తీసుకుని నడిపితే ఎర్రర్ వచ్చింది. మంచి పుస్తకం గానీ కోర్సు గానీ చెప్పండి. అసలు ఇంత పాత భాష నేర్చుకోవడం దండగేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.
(పేరు వద్దన్న పాఠకుడు)

సమాధానం:

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట "కోడ్ తీసుకుని నడిపితే ఎర్రర్" అన్నది. ఏ ఎర్రరో రాయలేదు. అయినా పందెం కాయమంటే వెర్షన్ తేడా మీద కాస్తాను. పుస్తకాల పేర్లు చెబుతాను గానీ, ఈ వెర్షన్ సంగతి తేలకుండా ఏ పుస్తకం కొన్నా మళ్లీ ఇదే ఎర్రర్ దగ్గర కూర్చుంటారు.

ఒకే పేరుతో మూడు భాషలున్నాయనుకోండి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 వచ్చింది 1999 నవంబరులో. 2.0 వచ్చింది 2007 జనవరిలో. 3.0 వచ్చింది 2017 జూన్‌లో. మూడూ డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే సంస్థ) ప్రమాణాలే. మొదటిదానికీ రెండోదానికీ మధ్య అగాధమే ఉంది. సొంత ఫంక్షన్లు రాసుకోవడం, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, ఒకే పరుగులో అనేక ఫైళ్లు రాయడం, గ్రూపింగ్ ఇవన్నీ 2.0తో వచ్చాయి. 1.0లో వీటికి దొడ్డిదారులు వెతుక్కోవాలి, లేదా ప్రాసెసర్, అంటే ఈ కోడ్‌ని నడిపే ప్రోగ్రాం, తయారుచేసినవాళ్లు అదనంగా ఇచ్చినవి వాడుకోవాలి.

చిక్కేమిటంటే 1.0ను దాటి రాని ప్రాసెసర్లు ఇప్పటికీ అన్ని చోట్లా ఉన్నాయి. జావాతో పాటు వచ్చేది 1.0. డాట్‌నెట్‌లో ఉన్నది 1.0. పైథాన్‌వాళ్లు వాడే ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్, పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్, కమాండ్ లైన్‌లో దొరికే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ మూడింటికీ లోపల ఉన్నది లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీయే, అదీ 1.0. 3.0 కావాలంటే ఎక్కువమంది వెళ్లేది శాక్సన్ అనే ప్రాసెసర్ దగ్గరికి. దాని హోమ్ ఎడిషన్ ఉచితం, ఓపెన్ సోర్స్. మీరు జావా మనిషి కాబట్టి జార్ ఫైళ్లు పెట్టుకోవడం మీకు చిటికెలో పని.

స్టైల్‌షీట్ (అంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైల్) తల మీద రాసి ఉన్న వెర్షన్ నంబరును మాత్రం నమ్మకండి. అది రాసినవాడి ఉద్దేశం, నడిపే ప్రాసెసర్ సామర్థ్యం కాదు. తల మీద 2.0 అని ఉన్న ఫైల్‌ని 1.0 ప్రాసెసర్‌కి ఇస్తే వెంటనే గోల చేయదు. రాబోయే కాలపు వెర్షన్ అనుకుని సర్దుకుపోతుంది. తనకు తెలియని ఆదేశం అమలు చేయాల్సి వచ్చినప్పుడే పడిపోతుంది. అంటే నిన్నటిదాకా నడిచిన ఫైల్, ఇవాళ ఇన్‌పుట్‌లో కొత్త రకం పట్టిక ఒకటి వచ్చేసరికి ఆగిపోవచ్చు. నిజం తెలుసుకోవాలంటే ఒక చిన్న టెంప్లేట్‌లో సిస్టమ్-ప్రాపర్టీ అనే ఫంక్షన్‌ని పిలిచి, ఎక్స్‌ఎస్‌ఎల్ వెర్షన్‌నీ వెండర్‌నీ అచ్చు వేయించండి. ఆ రెండు వరుసలూ మీ బల్ల దగ్గర అంటించుకోండి. ఇక మీదట ఏ పాఠం తెరిచినా అది ఏ వెర్షన్‌కి రాసిందో ముందు చూడటం అలవాటవుతుంది. ఏఐ చాట్‌ని అడిగినా అంతే. వెర్షన్ చెప్పకపోతే 1.0 ఫైల్‌లో 2.0 ఫంక్షన్లు కలిపి, నడవని కోడ్‌ని ఎంతో ధీమాగా ఇవ్వగలదు.

ఇక పాఠాలు. ఏది మంచిదో, ఏది కాదో తేల్చడానికి నాకొక గీటురాయి ఉంది. పాఠం తెరిచి, అప్లై-టెంప్లేట్స్ అనే ఆదేశం (అదేమిటో కింద చెబుతాను) ఎప్పుడు వస్తుందో చూస్తాను. మొదట్లోనే వస్తే చదువుతాను. ఫర్-ఈచ్, ఇఫ్, చూజ్ అన్నీ అయ్యాక, చివర్లో ఎక్కడో తోకలా వస్తే పక్కన పెడతాను. నెట్‌లో అందరికీ ముందు తగిలే డబ్ల్యూ3స్కూల్స్ పాఠం ఈ రెండో రకమే. పాటల సీడీల జాబితా ఒకటి తీసుకుని, ఫర్-ఈచ్‌తో పట్టికలో పెట్టి చూపిస్తుంది. ఏ ఆదేశం ఎలా రాయాలో మర్చిపోయినప్పుడు చూసుకోవడానికి అది బాగానే ఉంటుంది. భాష నేర్చుకోవడానికి మాత్రం దారి తప్పిస్తుంది, ముఖ్యంగా జావా నుంచి వచ్చినవాళ్లని. ఫర్-ఈచ్ కనబడగానే "ఓహో, లూప్" అనుకుంటారు. వేరియబుల్ కనబడగానే విలువ మార్చబోతారు. అది మారదు, ఒకసారి ఇచ్చిన విలువే చివరిదాకా. అప్పుడు భాష మీద కోపం వస్తుంది.

అసలు సంగతి ఇది. జాబితాలాంటి డేటాకి ఫర్-ఈచ్ చాలు. కానీ మీ చేతిలో ఉన్నవి పుస్తకాలు. పేరాలో ఎక్కడ ఇటాలిక్ వస్తుందో, దాని లోపల ఎక్కడ ఫుట్‌నోట్ వస్తుందో, ఆ ఫుట్‌నోట్‌లో మళ్లీ లింక్ ఉంటుందో లేదో ఎవరికీ ముందు తెలియదు. అలాంటప్పుడు "మొదట ఇది తీయి, తర్వాత అది తీయి" అని చెప్పలేం. "పేరా ఎదురైతే ఇలా చేయి, ఫుట్‌నోట్ ఎదురైతే ఇలా చేయి" అని నియమాలు రాసి వదిలేస్తాం. ఏది ఎదురైతే దాని నియమం పలుకుతుంది. టెంప్లేట్ అంటే ఆ నియమం. అప్లై-టెంప్లేట్స్ అంటే "నా పని అయింది, లోపలున్న వాళ్ల సంగతి వాళ్ల నియమాలు చూసుకుంటాయి" అనడం. మీ సీనియర్ రాసిన ఫైళ్లు మీ తలకెక్కకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుందని నా అనుమానం. మీరు పై నుంచి కిందికి చదువుతున్నారు. అక్కడ పై నుంచి కిందికి నడిచే కథ లేదు.

దీన్ని పుస్తకం కంటే ముందు చేత్తో చూడండి, గంట పని. ఒక చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ రాయండి. అందులో ఒక పుస్తకం, రెండు అధ్యాయాలు, నాలుగు పేరాలు, ఒక ఫుట్‌నోట్ ఉంటే చాలు. ట్యాగుల పేర్లు తెలుగులోనే పెట్టుకోండి. ఎక్స్‌ఎమ్‌ఎల్ తెలుగు అక్షరాలకి అభ్యంతరం చెప్పదు, <అధ్యాయం> అన్నది చక్కగా చెల్లే ఎలిమెంట్. నేను కొత్తవాళ్లకి నేర్పేటప్పుడు ఇలాగే చేస్తాను. ఏది మన డేటా, ఏది భాష ఆదేశం అన్నది చూడగానే విడిపోతుంది.

ఇప్పుడు ఒక్క టెంప్లేట్ కూడా లేని ఖాళీ స్టైల్‌షీట్‌ని దాని మీద నడపండి. ఏమీ రాదనుకుంటారు. పుస్తకంలోని అక్షరాలన్నీ ట్యాగులు పోయి బయటికొస్తాయి. ఎందుకంటే మీరు రాయకపోయినా భాషలో కొన్ని నియమాలు ముందే ఉన్నాయి. ఎలిమెంట్ ఎదురైతే దాని లోపలికి వెళ్లు, అక్షరాలు ఎదురైతే అచ్చు వేయి అని. ఇప్పుడు ఫుట్‌నోట్‌కి ఒక టెంప్లేట్ రాసి, దాన్ని ఖాళీగా వదిలేయండి. మళ్లీ నడిపితే ఫుట్‌నోట్ మాయమవుతుంది, మిగతాదంతా అలాగే ఉంటుంది. తర్వాత పేరాకి ఒకటి రాయండి, అధ్యాయానికి ఒకటి. ఒక్కో టెంప్లేట్ చేర్చినప్పుడల్లా నడిపి చూడండి.

ఆ తర్వాత నేర్చుకోవాల్సింది ఐడెంటిటీ టెంప్లేట్. ఎదురైన ప్రతి నోడ్‌నీ (ఎలిమెంట్ గానీ అక్షరాలు గానీ), ఆట్రిబ్యూట్‌నీ ఉన్నదున్నట్టు నకలు తీసి, లోపలున్న వాటి మీద మళ్లీ తననే పిలుచుకునే నాలుగైదు వరుసల ముక్క అది. దాని పక్కన మీరు మార్చదలుచుకున్న ఎలిమెంట్‌కి మాత్రమే ఒక టెంప్లేట్ రాస్తే చాలు. వెయ్యి పేజీల పుస్తకంలో ఒక్క ట్యాగ్ పేరు మార్చడానికి ఇంత చిన్న ప్రోగ్రాం సరిపోవడం చూసినప్పుడు నాకు ఈ భాష మీద మొదటిసారి ఇష్టం కలిగింది. 3.0లో ఆ నాలుగు వరుసలు కూడా అక్కర్లేదు. మోడ్ అనే ఆదేశంలో, నియమం లేని చోట నకలు తీయమని ఒక్క మాట చెబితే సరి.

పుస్తకాల దగ్గరికొద్దాం. మొదటి నుంచి నేర్చుకోవడానికి జెనీ టెన్నిసన్ రాసిన 'బిగినింగ్ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0' తీసుకోండి. 2005 నాటిది. అంటే 2.0 ప్రమాణం ఖరారు కాకముందే అచ్చయింది. అయినా ఇప్పటికీ నేను దాన్నే చెబుతాను, ఎందుకంటే ఆమె ఒకే ఉదాహరణను పుస్తకమంతా పెంచుకుంటూ పోతారు. మీరు మీ చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్‌తో చేసేది కూడా అదే. రెండోది మైకేల్ కే రాసిన 2.0 రిఫరెన్స్ పుస్తకం, 2008లో వచ్చిన నాలుగో ముద్రణ. పదమూడు వందల పేజీలు దాటుతుంది. దాన్ని మొదటి పేజీ నుంచి చదవబోతే మూడో రోజుకి మానేస్తారు. దాన్ని నిఘంటువులా వాడాలి. ఫలానా ఆదేశం అంటే ఏమిటి, అది ఎందుకలా ప్రవర్తిస్తుంది అన్న ప్రశ్న వచ్చినప్పుడు తెరవాలి. 2.0, 3.0 ప్రమాణాలకి సంపాదకుడు ఆయనే, శాక్సన్ రాసిందీ ఆయనే. అందుకని "ఎందుకు" అన్నదానికి అంత తృప్తిగా జవాబిచ్చే పుస్తకం నాకు ఇంకొకటి కనబడలేదు.

పాతవి కదా అని జంకకండి. మీరు చూసిన పాఠాల పాతదనం చాలావరకు దోషం కాదు. టెంప్లేట్లు 1999లో ఎలా పనిచేశాయో ఇప్పుడూ అలాగే పనిచేస్తాయి. 3.0లో కొత్తగా వచ్చినవి మ్యాపులు, జేసన్, పెద్ద ఫైళ్లని ముక్కలుగా చదివే స్ట్రీమింగ్, ప్యాకేజీలు, ట్రై-క్యాచ్ లాంటివి. పుస్తకాల నుంచి వెబ్ పేజీలు తీసే పనిలో మీకు వాటిలో సగం అవసరం పడకపోవచ్చు. పడినప్పుడు డబ్ల్యూ3సీ ప్రమాణ పత్రాన్నే తెరవండి. ప్రమాణం అనగానే భయపడతారు గానీ, ఇందులో దాదాపు ప్రతి ఆదేశం కిందా ఉదాహరణలుంటాయి. శాక్సన్ డాక్యుమెంటేషన్ కూడా ఉచితంగా చదువుకోవచ్చు.

వీడియోల గురించి ఎక్కువ చెప్పను. ఈ భాష చూస్తే రాదు.

ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఏ భాగం కావాలో చూపే ఎక్స్‌పాత్‌కి మాత్రం విడిగా ఒక వారం ఇవ్వండి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో వచ్చే తప్పుల్లో సగం నిజానికి ఎక్స్‌పాత్ తప్పులు. రెండు మూడు ఉచ్చులు ఇక్కడే చెప్పేస్తాను. //పేరా[1] అంటే పుస్తకంలో మొదటి పేరా అనుకుంటాం. కాదు, ప్రతి అధ్యాయంలోనూ మొదటి పేరా వస్తుంది. మొత్తానికి ఒక్కటే కావాలంటే (//పేరా)[1] అని కుండలీకరణం పెట్టాలి. @భాష != 'తెలుగు' అని రాస్తే, భాష ఆట్రిబ్యూట్ అసలే లేని ఎలిమెంట్లు జారిపోతాయి. సమానం కాదు అనడం వేరు, సమానం అన్నదానికి బయట నాట్ పెట్టడం వేరు. ఇక వాల్యూ-ఆఫ్. 1.0లో నాలుగు నోడ్లు దొరికినా మొదటిదే అచ్చు వేస్తుంది, 2.0 నుంచి అన్నిటినీ ఖాళీ జాగా ఇచ్చి వరసగా వేస్తుంది. పాత ఫైళ్లని కొత్త ప్రాసెసర్ మీదికి మార్చినప్పుడు పేజీల్లో ఉన్నట్టుండి పేర్లు రెట్టింపైతే ముందు ఇక్కడ చూడండి.

నేమ్‌స్పేస్ (ఒకే పేరున్న ట్యాగులు కలిసిపోకుండా వాటికి ఇచ్చే ఇంటిపేరు లాంటిది) గురించి నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. కొత్తలో నేను పనిచేసిన చోట ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ వచ్చింది. టెంప్లేట్ రాశాను. పలకదు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. స్పెల్లింగ్ పదిసార్లు చూశాను, ఎలిమెంట్ పేరు కాపీ చేసి పేస్ట్ చేశాను. రెండు రోజులు పోయాయి. చివరికి చూస్తే ఫైల్ మొదటి వరుసలో ఒక డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఉంది. కంటికి <పేరా> అని కనబడుతున్నా దాని పూర్తి పేరు వేరే. ప్రిఫిక్స్ లేకుండా ఎక్స్‌పాత్‌లో "పేరా" అంటే ఏ నేమ్‌స్పేస్‌కీ చెందని పేరా అని అర్థం. 1.0లో అయితే ఆ నేమ్‌స్పేస్‌కి స్టైల్‌షీట్‌లో ఒక ప్రిఫిక్స్ కట్టి, ప్రతి పేరు ముందూ దాన్ని రాయాలి. 2.0 నుంచి ఎక్స్‌పాత్-డిఫాల్ట్-నేమ్‌స్పేస్ అన్న ఆట్రిబ్యూట్ ఒకటి పెడితే చాలు. "టెంప్లేట్ పలకడం లేదు" అని ఎవరైనా నా దగ్గరికొస్తే ఇప్పటికీ ముందు అడిగేది ఫైల్ మొదటి వరుస చూపించమనే.

మీ ఫైళ్లలో కీ అనే ఆదేశం, జెనరేట్-ఐడీ అనే ఫంక్షన్ కలిసి ఒక వింత షరతులో కనబడితే కంగారు పడకండి. అది మూంకియన్ గ్రూపింగ్, స్టీవ్ మూంక్ పేరు మీద వచ్చింది. 1.0లో గ్రూపింగ్ లేదు కాబట్టి, ప్రతి గుంపులోనూ మొదటి నోడ్‌ని పట్టుకోవడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం. ఇప్పుడు దాన్ని రాయడం నేర్చుకోనక్కర్లేదు, గుర్తుపడితే చాలు. 2.0 ప్రాసెసర్ ఉంటే అదే పని ఫర్-ఈచ్-గ్రూప్ చేస్తుంది. పిండి వంట చూసి పిండి ఏమిటో చెప్పినట్టు, ఒక ఫైల్‌లో ఈ ముడి కనబడితే అది 1.0 కాలంలో రాసిందని చెప్పొచ్చు.

సాధనాల్లో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫిడిల్ అని బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపి చూసే పేజీ ఉంది. పైన చెప్పిన ఖాళీ స్టైల్‌షీట్ ప్రయోగానికి అది చాలు. ఆక్సిజన్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎడిటర్ డబ్బు పెట్టి కొనేది, కానీ దాని డీబగ్గర్‌లో అవుట్‌పుట్ మీద నొక్కితే ఏ టెంప్లేట్ నుంచి వచ్చిందో చూపిస్తుంది. నలభై ఫైళ్లు వారసత్వంగా వచ్చినవాళ్లకి అది వరం. ట్రయల్ ఇస్తారు, ఆ రోజుల్లోనే మీ ఫైళ్లలో ముఖ్యమైన నాలుగైదింటిని దానిలో నడిపి నోట్స్ రాసుకోండి. అదీ కుదరకపోతే మెసేజ్ ఆదేశం ఉండనే ఉంది. జావాలో ప్రింట్ వరుసలు పెట్టుకుని వెతికినట్టే, అనుమానం ఉన్న టెంప్లేట్లలో అది పెట్టి ఏది పలుకుతోందో చూడొచ్చు. మార్పులు మొదలుపెట్టే ముందు ఎక్స్‌స్పెక్‌తో కొన్ని టెస్టులు కూడా రాసుకోండి. దాన్ని మొదలుపెట్టిందీ జెనీ టెన్నిసనే. కనీసం ఇవాళ్టి అవుట్‌పుట్ అంతా ఒక ఫోల్డర్‌లో దాచండి, రేపు తేడా చూసుకోవడానికి.

చేయి తిరిగాక ఇతరుల కోడ్ చదవండి. మీది పుస్తకాల పని కాబట్టి డాక్‌బుక్ (పుస్తకాలకీ మాన్యువల్సుకీ వాడే ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి) స్టైల్‌షీట్లు మీకు దగ్గర చుట్టం. పాత డాక్‌బుక్ స్టైల్‌షీట్లు 1.0లో ఉన్నాయి. ఎక్స్‌ఎస్‌ఎల్ టీఎన్‌జీ అని 3.0లో కొత్తగా రాసినవీ ఉన్నాయి. ఒకే పనిని రెండు కాలాల్లో ఎలా చేశారో పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కోర్సూ చెప్పనంత తెలుస్తుంది. మొదటి నెలలోనే వాటి జోలికి వెళితే మాత్రం మునిగిపోతారు, చాలా పెద్దవి.

దండగేమో అన్నారు. క్రోమ్ వాళ్లు బ్రౌజర్‌లోంచి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని తీసేస్తామని 2025లో ప్రకటించారు, ఆ వార్త మీరూ విని ఉండొచ్చు. బ్రౌజర్లలో ఉన్నది ఆ పాత 1.0యే. పేజీ తెరిచినప్పుడు పాఠకుడి యంత్రంలో మార్పిడి జరిగే సైట్లకి అది దెబ్బ. మీ పేజీలు ముందే తయారై సర్వర్‌కి వెళుతుంటే మీకేమీ కాదు. ఒకవేళ మీ నలభైలో ఏదైనా బ్రౌజర్ మీద ఆధారపడి ఉంటే, ఇప్పుడే కనుక్కుని బయటికి తీయండి. భాష సంగతంటారా, 4.0 మీద ఒక కమ్యూనిటీ గ్రూపులో పని జరుగుతోంది. ఇది తెలిసినవాళ్లు ఎక్కువమంది లేరు, ఇందులో ఉన్న పుస్తకాలూ మాన్యువల్సూ చాలా ఉన్నాయి. మీ సీనియర్ వెళ్లగానే ఫైళ్లన్నీ ఒక్క మీ మీదే ఎందుకు పడ్డాయో మీకే తెలుసు కదా.

ఎక్కడైనా ఇరుక్కుంటే స్టాక్ ఓవర్‌ఫ్లోలో అడగండి. మైకేల్ కే స్వయంగా అక్కడ ఎన్నో జవాబులు రాశారు. అయితే ఫైల్ మొత్తం పెట్టకండి. ఇరవై వరుసలకి కుదించిన ఇన్‌పుట్, మీకు కావలసిన అవుట్‌పుట్, మీరు రాసిన టెంప్లేట్, ప్రాసెసర్ పేరూ వెర్షనూ ఇవ్వండి. కుదించేటప్పుడే తప్పు దొరికిపోవడం నాకైతే చాలాసార్లు జరిగింది. నాకు మళ్లీ రాసినా ఈ నాలుగూ పెట్టండి. ఈసారి ఎర్రర్ ఏమిటో కూడా.